తెంపకుండా విప్పడం: సూపర్ కంప్యూటర్ల తుక్కు షెడ్డులో నేను నేర్చుకున్నది

సూపర్ కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో ఇరవై ఏళ్లు వాటి మధ్యే తిరిగిన నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. దాని బరువెంతో మాత్రం చుట్టూ ఒక్కసారి తిరిగి వచ్చి చెప్పేస్తాను. ఏ మూల రాగి ఉందో, ఏ పలక కింద చెయ్యి తెగుతుందో, ఏ తలుపు విప్పితే కాలి మీద పడుతుందో కూడా చెబుతాను.

మా షెడ్డు ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే మట్టి బాటలో ఉండేది. పెద్ద పెద్ద పరిశోధన సంస్థలు కొన్న యంత్రాలు వయసైపోయాక వేలంలో తుక్కు కింద మా దగ్గరికి వచ్చేవి. వాటిని విప్పి, రాగిని రాగితో, అల్యూమినియాన్ని అల్యూమినియంతో చేర్చి పంపడం మా పని. నేను అక్కడ మేస్త్రీని. పేరు సత్తయ్య. షెడ్డులో అందరికీ సత్తన్నను.

మణికట్టు అరిగిపోయి పని మానేశాను. మొన్న ఆదిభట్ల వైపు కొత్తగా పెట్టిన రీసైక్లింగ్ కంపెనీలో చేరిన నలుగురు పిల్లలు ఇంటికొచ్చారు. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు, తలకు టోపీలు. "అన్నా, నువ్వు చాయ్ తాగుకుంట చెప్పే ముచ్చట్లన్నీ జర రాసియ్యరాదే" అన్నారు. లోపలి నుంచి మా ఆవిడ అందుకుంది: "రాస్తడు గని, సగం అబద్ధమని పైన రాయమను."

సగం కాదు, పావు. అబద్ధం వచ్చిన చోట నేనే ఒప్పుకుంటాను. మరిచిపోతే క్షమించండి.

వాన చెప్పిన పెట్టె

అవి హైదరాబాద్ ఉబ్బుతున్న రోజులు. ఔటర్ రింగు రోడ్డు ఇంకా కాగితం మీదే ఉంది. తుర్కయాంజాల్ నుంచి ఇటు రోడ్డు పొడుగునా పొలాల్లో సున్నపు గీతలు, రంగు జెండాలు లేచాయి. ఊళ్లో ప్రతి మనిషీ భూమి గురించే మాట్లాడుతున్నప్పుడు మేము మాత్రం ఇనప పెట్టెలు దింపుకునేవాళ్లం.

మొదటి సూపర్ కంప్యూటర్ లారీ మీంచి దిగిన రోజు చుట్టుపక్కల జనం అంతా వచ్చారు. నాదర్‌గుల్‌లో శిక్షణ విమానం కూలిందని, ఆ ముక్కలు మేము తెచ్చామని ఎవరో పుట్టించారు. నేను అందరినీ కూర్చోబెట్టి, ఇది వానెప్పుడు పడుతుందో లెక్కగట్టే యంత్రమని చెప్పాను. అంతవరకు నిజమే. అది వాతావరణం లెక్కల నుంచే వచ్చింది.

"గట్లయితే మా దిక్కు ఎప్పుడు వడ్తదో అడుగు" అన్నాడు ఒక పెద్దాయన.

నేను పెట్టెకు చెవి ఆనించాను. కరెంటు లేదు, తీగ లేదు, లోపల బల్లి తప్ప ప్రాణమున్నది ఏదీ లేదు. కాసేపు తలాడించి, "ఎల్లుండి, పొద్దుగూకినంక" అన్నాను. ఎల్లుండి పొద్దుగూకాక కుండపోతగా కురిసింది. ఆ తర్వాత నెల రోజులు పెళ్లి ముహూర్తాలు, బోరు పాయింట్లు, తప్పిపోయిన మేకలు, అన్నీ ఆ పెట్టెనే అడిగారు. నేను పొద్దున లేచి తూర్పున మబ్బు చూశానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మేక విషయంలో మాత్రం పెట్టె నిజంగానే చెప్పింది. సరే, అది కూడా నేనే చూశాను, జొన్న చేలో.

పారబోసిన నీళ్లు

నా మొదటి పెద్ద తప్పు చెబుతాను. రెండో యంత్రం లోపల పలకలన్నీ ఒక ద్రవంలో మునిగి ఉన్నాయి. తేటగా ఉంది, వాసన లేదు. నీళ్లనుకున్నాను. మడ్డి నీళ్లు తీసినట్టు గొట్టం పెట్టి కాలువలోకి వదిలేయించాను. మా పనివాళ్లలో ఒకడు, జాంగీర్, చెయ్యి ముంచి తీసి, "సత్తన్నా, గిది జల్ది ఆరిపోతుంది, నీళ్లోలె లేదు" అన్నాడు. "నీ చెయ్యే వేడిగ ఉంది" అని నోరు మూయించాను.

మూడు రోజులకు ఆ సంస్థ నుంచి ఫోను వచ్చింది. ఆ ద్రవం యంత్రాన్ని చల్లబరిచే ప్రత్యేకమైనదట, పీపాల్లో జాగ్రత్తగా పట్టి ఉంటే యంత్రం కన్నా దానికే గిరాకీ ఎక్కువట. మా యజమాని ఆ రోజు అన్నం తినలేదు.

ఆ కాలువలో నీళ్లు తాగిన బర్రె వారం రోజులు చల్లటి పాలిచ్చిందని ఊళ్లో నేనే ప్రచారం చేశాను. అబద్ధం. బర్రె ఒక్కసారి వాసన చూసి తల తిప్పుకుని పోయింది. మా షెడ్డు మొత్తం మీద ఆ రోజు తెలివిగా నడుచుకున్నది జాంగీర్, ఆ బర్రె.

మీకు నేను చెప్పేది ఇంతే. పేరు తెలియనిదాన్ని పారబోయకండి. ముట్టుకున్నవాడు ఏదో చెబితే వినండి.

విన్నట్టే ఉంటాం, మళ్లీ మరిచిపోతాం. నేను మరిచిపోయిన సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

ప్రసాదరావు గారి గడియారం

మా యజమాని ప్రసాదరావు గారిది కృష్ణా జిల్లా. రైసు మిల్లుల పాత సామాన్ల వ్యాపారంలోంచి ఈ పనిలోకి వచ్చాడు. వారానికి ఇద్దరు బ్రోకర్లు ఫైళ్లు చంకలో పెట్టుకుని షెడ్డు స్థలం అడగడానికి వచ్చేవాళ్లు. "ఇక్కడ ఇళ్లు వస్తాయి సరే, ఆ ఇళ్లల్లో పాడైనవన్నీ ఎక్కడికి పోతాయి నాయనా? నా దగ్గరికే" అని చాయ్ ఇచ్చి పంపేసేవాడు. తెలియనిది తెలియదని అనడానికి సిగ్గుపడని మనిషి. కూలీ మనిషినైనా కూర్చోబెట్టి అడిగేవాడు. అది ఆయన మంచి.

ఆయన చెడు గడియారం. వేలం పాడుకున్న సరుకు ఇన్ని రోజుల్లో ఎత్తుకోవాలని షరతు ఉంటుంది. షెడ్డు ఖాళీ కాకపోతే తర్వాతి యంత్రం దించడానికి చోటుండదు. అందుకని ఎవరు ఎంత విప్పారో ప్రతి సాయంత్రం తనకు చెప్పమన్నాడు. ఎలా చెప్పాలో చెప్పలేదు. అది నేను కనిపెట్టాను. ఒక్కొక్కరి కుప్పనూ కాటా మీద పెట్టి తూచాను. ఎక్కువ తూగితే మంచి పనివాడు, తక్కువ తూగితే బద్ధకస్తుడు. ఇంత తేలికైన కొలత దొరికినందుకు ఆ రోజుల్లో నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఆ కొలతలో రోజూ ఆఖరున నిలబడేది యాదమ్మ.

తీగల చాప

యాదమ్మ పుట్టింది పోచంపల్లి అవతల మగ్గాల ఇంట్లో. చిన్నప్పటి నుంచి పడుగు పోగులు అతికే పని చేసింది. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే కలిపి పేనాలి. వేల పోగుల్లో ఒక్కటి తప్పినా చీర మీద గీత పడుతుంది. మగ్గాలు మూలకు పడ్డాక ఇటు వచ్చి కంకర మిషన్ దగ్గర తట్ట మోసింది. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంది. ఆ దగ్గుతోనే ఒకరోజు మా షెడ్డు గేటు దగ్గర నిలబడి, "ఏదన్న కూసొని చేసే పని ఉందా అన్నా?" అని అడిగింది. ఉందన్నాను.

అప్పుడు మా దగ్గరున్న యంత్రం చూడముచ్చటగా ఉండేది. నిలువెత్తు బీరువాలు పన్నెండు, అర్ధచంద్రంలా నిలబెట్టినట్టు. అడుగున చుట్టూ మెత్తలు కుట్టిన అరుగు. మేమంతా మధ్యాహ్నం ఆ అరుగు మీదే సద్దులు విప్పేవాళ్లం. బీరువాల వెనక తలుపు తీస్తే మాత్రం ఎవరైనా ఒక క్షణం ఆగాల్సిందే. దారమంత సన్నటి తీగలు, రెండు రెండుగా పేనినవి, వేలకు వేలు. పైనుంచి కింద దాకా దట్టంగా చాప పరిచినట్టు ఉండేవి.

జాంగీర్ ఆ క్షణం ఆగి, ఆ తర్వాత కట్టర్ తీసేవాడు. నాలుగు కోతలు, ఒక లాగుడు. పూటకు ఒక బీరువా ఖాళీ.

యాదమ్మ తన జడపిన్ను తీసి కొస వంచింది. దానితో ఒక్కొక్క తీగ కొసనూ గుంట నుంచి మెల్లగా పైకి లేపేది. రెండు కొసలూ వచ్చాక తీగను తొడ మీద సాపు చేసి పక్కన పెట్టేది. ఒక వరుస అయ్యాక, ఒకే పొడుగున్నవి కట్టకట్టి రంగు దారంతో ముడులు వేసేది. మొదటి వరుసకు ఒక ముడి, రెండో వరుసకు రెండు. ఒక్క బీరువాకు వారం.

"యాదమ్మా, గిదేం పని? తెంపెయ్. రాగి రాగే గదా" అన్నాను.

"తెంపితే పోగు పాడైతది సత్తన్నా."

"పోగేంది? చీర నేస్తున్నవా?"

"నేసినోళ్లు ఎవరో ఎప్పుడో నేసిన్రు. చూస్తలేవా? ఇన్ని తీగలల్ల ఒక్కటి గూడ ఎక్కువ లేదు, ఒక్కటి గూడ తక్కువ లేదు. అన్ని కొలిచి పెట్టినయి."

"మరి కాటా మీద నీ కుప్ప తూగుతలేదు గదా!"

"కాటాకు ఏం తెలుసు" అని మళ్లీ పిన్ను పెట్టింది.

ఆ సాయంత్రం ప్రసాదరావు గారికి నేను చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. "ఆరుగురిలో ఆఖరు సార్. ఎంత చెప్పినా వినదు."

ఆయన గడియారం చూసుకున్నాడు. "అవతల సరుకు ఎదురుచూస్తోందయ్యా. శనివారం దాకా చూసి ఇక రావద్దని చెప్పు. నువ్వే చెప్పు సత్తయ్యా, నాకు ఆడవాళ్లతో చెప్పడం రాదు."

నాకు మాత్రం వచ్చా! మంగళవారం చెబుదామనుకున్నాను, బుధవారం అనుకున్నాను. గురువారం మధ్యాహ్నం ఆమే అంది, తల ఎత్తకుండా:

"శనివారం నన్ను తీసేస్తున్రంట గదా."

"ఎవరు చెప్పిన్రు?"

"నీ ముఖం. మూడొద్దులకెల్లి నా దిక్కు చూస్తలేవు."

"మళ్ల కంకర మిషన్‌కేనా?"

"ఇంకేడికి పోత?" కాసేపు దగ్గింది. "తీసేస్తే తియ్యి. గీ బీరువా అయినంక పోత. నడుమల ఇడిస్తే చేతులు ఊకుండయి."

అప్పుడు నేను ఇంకో తప్పు చేశాను. పని త్వరగా తేలిపోతే ఆ శనివారం కూడా త్వరగా గడిచిపోతుందనిపించింది. జాంగీర్‌ను పిలిచి, తీగలన్నీ, యాదమ్మ కట్టలతో సహా, వెనక గుంతలోకి చేర్చి కాల్చెయ్యమన్నాను.

ఆ గుంత సంగతి దాచను. అప్పట్లో తీగ మీది తొడుగు కాల్చి రాగి తీసేవాళ్లం. నల్లటి పొగ, గొంతు మండేది, చుట్టుపక్కల ఉతికి ఆరేసిన బట్టలకు మసి. అందరూ అలాగే చేస్తున్నారు కదా అనుకున్నాం. ఈ రోజు మీకెవరైనా ఆ దారి చూపిస్తే ఆ షెడ్డులోంచి బయటికి నడవండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఎలుక చేసిన పని

శుక్రవారం పొద్దున గేటు ముందు ఒక జీపు ఆగింది. అందులోంచి దిగిన మనిషికి అరవై దగ్గరుంటాయి. జుట్టు దువ్వుకోలేదు, చొక్కా గుండీ ఒకటి తప్పింది. పేరు మూర్తి అని, నగరానికి అవతలి వైపున్న ఒక సంస్థలో ఇంజనీరునని చెప్పి, మా మాట వినకుండానే నేరుగా యంత్రం దగ్గరికి నడిచి అరుగు మీద చెయ్యి వేశాడు.

"వేలంలో ఇది మీకొచ్చిందని విని వచ్చాను. మా దగ్గర ఇలాంటిదే ఇంకా నడుస్తోందండీ" అన్నాడు ప్రసాదరావు గారితో. "నిన్నటి దాకా నడిచింది. వెనక తలుపులోంచి ఎలుక దూరింది. తీగలు కొరికేసింది."

"తీగలే కదండీ" అన్నాడు ప్రసాదరావు గారు. "బజార్లో కొనుక్కోవచ్చుగా?"

"ఆ తీగ ఇప్పుడు ఎవరూ చెయ్యట్లేదండీ. ఒక్కొక్క తీగ ఒక్కొక్క కొలత. జానెడు పొడుగైతే అందులో వెళ్లే సంకేతం ఆ మేరకు ఆలస్యంగా చేరుతుంది. అన్నీ అనుకున్న వేళకు చేరాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. నదులకు వరదొస్తే నీళ్లు ఎక్కడి దాకా వస్తాయో దీని మీదే లెక్కగడతాం. కొత్త యంత్రం రావడానికి ఇంకా ఆరు నెలలుంది. మధ్యలో వానాకాలం ఉంది."

ప్రసాదరావు గారి ముఖం మారింది. "కృష్ణ కూడానా?"

"కృష్ణ కూడా."

"సత్తయ్యా, ఆయనకు కావలసిన తీగలు చూపించు" అన్నాడు.

నేను జాంగీర్ కుప్పను చూపించాను. మూర్తి గారు వంగి ఒక గుప్పెడు తీశాడు. అన్నీ మధ్యకు కోసినవే. వేళ్ల మధ్య నుంచి జారవిడిచి, "ఇవి ఇక రాగే" అన్నాడు. అప్పుడే షెడ్డు వెనక నుంచి పొగ వాసన వచ్చింది.

నేను పరిగెత్తాను. ఆ పరుగుకు నాదర్‌గుల్ విమానం వెనకబడిందని జాంగీర్ ఇప్పటికీ చెబుతాడు. ఈ అబద్ధం నాది కాదు.

గుంతలో ఒక కుప్ప అంటుకుని ఉంది. గట్టు మీద యాదమ్మ తన కట్టల మూటల మీద కూర్చుని ఉంది. ఎదురుగా జాంగీర్, చేతిలో కాలుతున్న కాగితం.

"చూడు సత్తన్నా! నువ్వేమో కాలవెట్టుమన్నవ్. గీ అక్కేమో మూటల మీదికెల్లి లేస్తలేదు."

"నన్ను గూడ వేసి కాలవెట్టు" అంటోంది యాదమ్మ. "పొద్దుగాల నేను రాకముందే ఒక మూట వేసిండు సత్తన్నా. ఐదు ముడుల కట్ట. దినమంత కూసొని తీసిన పని!"

"నువ్వు లేవకు" అన్నాను ఆయాసంతో. "జాంగీర్, నువ్వు ఆ కాగితం ఆర్పు."

"నిన్న ఒక మాట, ఇయ్యాల ఒక మాట" అని జాంగీర్ కాగితాన్ని కాలి కింద నలిపాడు. అతని కోపం న్యాయమే.

మూర్తి గారి చిట్టా

మూర్తి గారు మూటలు విప్పి చూసి నేల మీదే కూర్చున్నాడు. తనకు కావలసినవి నాలుగో వరుసవి, ఐదో వరుసవి. నాలుగు ముడుల కట్టలు ఉన్నాయి. ఐదో వరుస బూడిదైంది.

"సగం ఉండి లాభం లేదండీ" అన్నాడు. ఆయన గొంతులో ఏడుపు లేదు. అలిసిపోయిన మనిషి గొంతు అది.

యాదమ్మ ఆయన చేతిలోని కాగితం వైపు చూసింది. "ఏం రాసుంది సార్ అండ్ల?"

"ఒక్కో తీగ పొడవమ్మా."

"సదువున్రి."

ఆయన ఒక కొలత చదివాడు. ఆమెకు ఆ అంకెలు పట్టలేదు. "గట్ల కాదు. చేత్తోని చూపెట్టున్రి" అంది. ఆయన జేబులోంచి టేపు తీసి అంత మేర పట్టుకున్నాడు. యాదమ్మ దాని పక్కన జానలు పెట్టి, రెండు వేళ్లు కలిపి, ఒక క్షణం కళ్లు మూసుకుంది. లేచి వెళ్లి తొమ్మిది ముడుల కట్టలోంచి ఒక తీగ లాగి ఇచ్చింది.

మూర్తి గారు కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"ఇది వేరే వరుసది కదమ్మా?"

"వరుస వేరైతేంది? పొడుగు గదే గదా. ఎక్కడ ఏం పొడుగున్నయో కట్టలు కట్టింది నేనే గద సార్."

మధ్యాహ్నం దాకా ఆయన టేపు చాపడం, ఆమె తీగ తీసివ్వడం. మొదట నలుగురం చూశాం. తర్వాత షెడ్డులో పనంతా ఆగిపోయింది. జాంగీర్ ఎప్పుడు వచ్చి కూర్చున్నాడో, ఆమె తీసిన తీగలు చిక్కుపడకుండా సాపు చేసి ఇస్తున్నాడు. ఒక్కటంటే ఒక్కటే కొలతకు తేడా వచ్చింది. "గది నాది కాదు, మీ టేపు వంగింది" అంది యాదమ్మ. చూస్తే నిజమే.

అన్నీ దొరికాక మూర్తి గారు ప్రసాదరావు గారి వైపు తిరిగాడు. "రేపు ఈవిడను మా దగ్గరికి పంపిస్తారా? తీయడం వచ్చిన చేతికి పెట్టడమూ వస్తుంది. మా పిల్లలకు కంప్యూటర్ తెలుసు గాని ఈ పని తెలియదు."

రేపంటే శనివారం.

ప్రసాదరావు గారు నన్ను పక్కకు పిలిచాడు. "ఆవిడకు చెప్పమన్నాను. చెప్పేశావా?"

"లేదు సార్."

"ఏం?"

చెప్పడానికి నాకు ఒక మంచి అబద్ధం తయారుగా ఉంది. జ్వరమని అనొచ్చు. ఎందుకో నోటికి రాలేదు. "తప్పు కొలిచిన సార్. ఆరుగురిల ఆఖరు అన్న గదా, నేను రోజు తూచింది రాగిని. పనిని తూచలే. మన షెడ్డుల ఇన్నేండ్లకెల్లి పని తెలిసిన మనిషి గామె ఒక్కతే."

ఆయన యాదమ్మ మూటల వైపు చూశాడు. ఆ తర్వాత గడియారం చూసుకోకుండానే అన్నాడు: "నువ్వు కూడా వెళ్లు. ఆవిడ అక్కడ ఒక్కతే ఇబ్బంది పడుతుంది. సోమవారం సంగతి సోమవారం చూద్దాం."

తీసెయ్యనని అనలేదు. తీసేస్తాననీ అనలేదు.

చల్లటి గదిలో

ఆ సంస్థలో యంత్రం ఉన్న గది ఎంత చల్లగా ఉందంటే, మాట్లాడితే మాటలు గడ్డకట్టి నేల మీద పడేవి. ఇది కొంచెం పెంచాను. యాదమ్మ చెప్పులు గుమ్మం బయట విడిచి, కొంగు చుట్టుకుని లోపలికి వెళ్లింది. అక్కడి యంత్రం మా షెడ్డులోని దానికి అచ్చం కవల. ఆమె అరుగు మీద కూర్చుని ముందు మెత్తను చేత్తో తడిమింది. షెడ్డులో దాని మీదే కదా సద్ది తినేది.

మూర్తి గారు చిట్టా చదువుతుంటే ఆమె జడపిన్నుతో తీగ కొసలు గుంటల్లో దించింది. ఇద్దరు కుర్ర ఇంజనీర్లు చేతులు కట్టుకుని చూశారు. మధ్యాహ్నం మీట వేస్తే యంత్రం లేవలేదు. ఎర్ర దీపం వెలిగింది.

అందరూ ఆమె వైపే చూశారు. నేనూ చూశాను. ఆ చూపుకు నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

యాదమ్మ తీగల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి నడిపించుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. "సార్, మీరు చాయ్ తాగొచ్చినంక సదివినప్పుడు ఒక గీత ఇడిసిపెట్టిన్రు. గాడికెల్లి అన్ని ఒకటి కిందికి జరిగినయి."

మూర్తి గారు కాగితం చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "అవునమ్మా. నాదే."

మళ్లీ మొదలుపెట్టారు. పొద్దు వాలే వేళకు మీట వేస్తే గది అంతా తేనెటీగల రొదలాంటి చప్పుడు నిండింది. చప్పట్లు కొట్టలేదు ఎవరూ. మూర్తి గారు తెర మీద ఏవో అంకెలు పారుతుంటే చూసి, అరుగు మీద ఆమె పక్కనే కూలబడ్డాడు.

"ఈ యంత్రం తయారైన దేశంలో కూడా ఈ తీగలు పెట్టింది ఎక్కువగా ఆడవాళ్లేనమ్మా. చేత్తోనే. నెలల తరబడి" అన్నాడు.

"నాకు అప్పుడే ఎర్కయింది" అంది యాదమ్మ. "మగోళ్లు పెడితే గింత సాపు ఉంటదా?"

తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఆమె కిటికీ వైపు కూర్చుంది. ఎల్బీ నగర్ దాటాక అడిగింది: "సోమవారం రావాల్నా, వద్దా? మళ్ల నీ ముఖం చూసి తెలుసుకొమ్మంటవా?"

"రా" అన్నాను. ప్రసాదరావు గారిని అడగకుండానే అన్నాను. ఆయన ఒప్పుకోకపోతే నేను కూడా గేటు బయటే నిలబడాలని జీపులోనే తేల్చుకున్నాను. ఇది గొప్పకు రాయడం లేదు. ఆ వారమంతా నేను చేసిన సరైన పని ఇదొక్కటే, అందుకని రాస్తున్నాను.

సోమవారం

సోమవారం నేను వెళ్లేసరికి ప్రసాదరావు గారు నాకన్నా ముందే వచ్చి కాటా పక్కన నిలబడి ఉన్నాడు. యాదమ్మ గేటు దాటి లోపలికి వచ్చింది.

"అమ్మా, నిన్ను ఉంచుకుంటే షెడ్డు ఖాళీ అవడానికి నెల పడుతుంది" అన్నాడు.

"పడ్తది సార్."

"మరి నేనేం చెయ్యాలి?"

"గా పని ఇంకో నలుగురికి నేర్పిస్త. అప్పుడు వారమే పడ్తది."

ఆయన నా వైపు చూసి, "ఏవయ్యా, ఈ మాట నీకు తట్టలేదేం?" అన్నాడు. ఆ తిట్టుతోనే ఆమె పని నిలబడింది.

ఆ తర్వాత మా పద్ధతి మెల్లగా మారింది. ఒక్క రోజులో మారిందని చెబితే అది నా పావు వంతులోకి పోతుంది. ఏ యంత్రం దిగినా, కట్టర్ తియ్యక ముందు, ఇలాంటిది ఇంకా ఎక్కడైనా నడుస్తోందా అని మూర్తి గారికి ఫోను చేసి అడిగేవాళ్లం. పది సార్లలో ఏడుసార్లు లేదనేవాడు. మిగిలిన మూడుసార్లు ఎవరో ఒకరు ఎక్కడి నుంచో వచ్చి, మా షెడ్డులోంచి ఒక పలకనో, ఒక పంఖానో రెండు చేతులతో పట్టుకుని వెళ్లేవాళ్లు. వెనక గుంతను పూడ్చడానికి మాత్రం ఇంకా ఏడాది పట్టింది. ఆ ఏడాది పొగ మా ఖాతాలోనే ఉంది.

మీ కంపెనీలో మిషన్లు అన్నీ చేస్తాయని విన్నాను. మంచిదే. అయినా ఏదో ఒకరోజు మీ ముందుకు ఎవరికీ పేరు తెలియని పెట్టె ఒకటి వస్తుంది. అప్పుడు మీ వరుసలో అందరికన్నా నెమ్మదిగా పనిచేసే మనిషి ఎవరో చూసి, ఆ మనిషి పక్కన వెళ్లి కూర్చోండి.

ఆ సోమవారం యాదమ్మ సగంలో వదిలిన బీరువా వెనక తలుపు తెరిచింది. జాంగీర్ కట్టర్ పట్టుకుని వచ్చాడు.

"అక్కా, గిది ఏడ పెట్టాలె?"

"గా మూలకు."

"మరి నేనేం చెయ్యాలె?"

"పోయి సబ్బు పెట్టి చేతులు కడుక్కొని రా. నూనె చేతులతోని తీగ ముట్టద్దు."

అతను నల్లా దగ్గరికి వెళ్లాడు. అతని వెనక మిగిలిన వాళ్లు. ఆఖరున నేను. కడుక్కుని వచ్చాక ఒక్కొక్కరి చేతులూ తిప్పి చూసి లోపలికి పంపింది. నా వంతు వచ్చింది. చాపాను. అరచేతులు చూసింది, వెనక్కి తిప్పింది, వేళ్లు విడదీసి చూసింది.

"గోర్లు తీసుకొని రా పో సత్తన్నా" అంది.